తమ కథను తామే ఆడుతున్న స్త్రీలు: మూలవాసుల సమకాలీన నృత్యం, పుదుచ్చేరి చెప్పే పాఠం

పుదుచ్చేరి, ఒర్లియంపేట: నాట్యం చేసేది ఒకరు, ఆ నాట్యానికి అర్థం చెప్పేది మరొకరు. ప్రపంచంలోని అనేక మూలవాసీ సమాజాల స్త్రీలకూ, మన దేశంలో తరతరాలుగా నాట్యమే వృత్తిగా జీవించిన కుటుంబాల స్త్రీలకూ రెండు శతాబ్దాలుగా ఎదురవుతున్న అనుభవం ఇది. వేదికపై వారి దేహం కనిపించింది. పత్రికల్లో, పుస్తకాల్లో, ప్రభుత్వ దస్త్రాల్లో మాత్రం ఇతరుల మాటే వినిపించింది. గత నాలుగు దశాబ్దాలలో ఈ స్థితి మారుతోంది. ఆస్ట్రేలియా, కెనడా, ఉత్తర నార్వే వంటి చోట్ల మూలవాసీ స్త్రీలు సమకాలీన నృత్యాన్ని సాధనంగా తీసుకొని తమ నేల, తమ భాష, తమ పెద్దల జ్ఞాపకాలను స్వయంగా చెబుతున్నారు.

ఈ పరిణామాన్ని అర్థం చేసుకోవడానికి ఒర్లియంపేట వంటి చోటు కంటే తగినది అరుదు. పేరులోనే ఫ్రెంచి పాలన గుర్తును మోస్తున్న ఈ పేట ఉన్న పుదుచ్చేరి నుంచే 1838లో ఒక నాట్యబృందం ఐరోపాకు బయలుదేరింది. ఆ బృందంలోని స్త్రీల గురించి ఐరోపా ఎంతో రాసింది. వారు మాత్రం తమ గురించి ఏమనుకున్నారో మనకు దక్కలేదు. నేటి మూలవాసీ నర్తకులు పూడ్చాలని ప్రయత్నిస్తున్నది సరిగ్గా ఆ లోటునే.

సమకాలీన నృత్యం అంటే ఏమిటి?

శాస్త్రీయ నృత్యానికి నిర్ణీతమైన అడుగులు, ముద్రలు, ప్రదర్శనాక్రమం ఉంటాయి. జానపద నృత్యానికి సందర్భం ఉంటుంది: పండుగ, పెళ్లి, వేట, కోత. సమకాలీన నృత్యానికి ఇలాంటి నియమావళి ముందుగా ఏదీ ఉండదు. చెప్పదలచిన విషయాన్ని బట్టి నర్తకి కదలికను వెదుక్కుంటుంది. నడక, పడిపోవడం, ఊపిరి తీయడం, కదలకుండా నిలబడటం కూడా అందులో భాగమే. మాట, పాట, చిత్రం, పాత ధ్వనిముద్రణ, వేదికపై పోసిన మట్టి సైతం కథలో పాత్రలవుతాయి.

మూలవాసీ స్త్రీలు ఈ రూపాన్ని ఎంచుకోవడానికి బలమైన కారణాలున్నాయి. మొదటిది, సంప్రదాయ నృత్యాలలో కొన్నింటిని ఊరి బయట, అపరిచితుల ముందు ఆడకూడదనే కట్టుబాటు ఉంటుంది. కొత్త కదలికలతో కథ చెబితే ఆ కట్టుబాటుకు భంగం కలగదు. రెండవది, గత శతాబ్దంలో జరిగిన విస్థాపన, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేయడం, నీటిని కోల్పోవడం వంటి సంఘటనలకు పాత నృత్యాలలో స్థానం లేదు. వాటిని చెప్పడానికి కొత్త రూపం కావాలి. మూడవది, తమను గతానికి చెందిన వస్తువులుగా, ప్రదర్శనశాలలోని బొమ్మలుగా చూసే దృష్టిని వారు అంగీకరించరు. తాము నేటి మనుషులమని చెప్పడానికి నేటి కళారూపాన్నే వాడుతున్నారు.

1838: పుదుచ్చేరి నుంచి పారిస్ వరకు

నేటి కడలూరు జిల్లాలోని తిరువందిపురంలో దేవనాథస్వామి ఆలయం ఉంది. ఆ ఆలయానికి చెందిన ఐదుగురు నాట్యకత్తెలు, వారితోపాటు ముగ్గురు వాద్యకారులు, తార్దివెల్ అనే ఫ్రెంచి వ్యాపారితో పుదుచ్చేరిలో ఒప్పందం కుదుర్చుకొని ఓడ ఎక్కారు. బృందంలో పెద్దామె తిల్లమ్మాళ్, వయసు సుమారు 30 ఏళ్లు. అందరి దృష్టినీ ఆకర్షించిన అమ్మణికి 18 ఏళ్లు. మిగిలినవారు ఇంకా బాలికలే. 1838 వేసవిలో వారు ఫ్రాన్సు చేరారు. రాజు లూయీ ఫిలిప్ ఎదుట నాట్యం చేశారు. పారిస్‌లోని వారియేతే నాటకశాలలో, ఆ తర్వాత లండన్‌లోని అడెల్ఫీ నాటకశాలలో ప్రదర్శనలిచ్చారు.

అప్పటికే ఐరోపా మనసులో భారతీయ నర్తకి ఎలా ఉండాలో ఒక బొమ్మ సిద్ధంగా ఉంది. ఫ్రెంచివారు ఆమెను ‘బయదేర్’ అని పిలిచేవారు. పోర్చుగీసు భాషలో నర్తకి అని అర్థమిచ్చే మాటకు ఇది రూపాంతరం. 1830లోనే పారిస్‌లో ‘దేవుడు, బయదేర్’ అనే సంగీత నాటకం ఆడింది. అందులో బయదేర్ పాత్రను పోషించినది ప్రసిద్ధ బాలే నర్తకి మరీ తాల్యోని. ఎనిమిదేళ్ల తర్వాత నిజమైన నాట్యకత్తెలు వచ్చినప్పుడు, ప్రేక్షకులు వారిని ఆ ఊహాచిత్రంతోనే పోల్చి చూశారు. కొందరు ముగ్ధులయ్యారు, కొందరు నిరాశ చెందారు. వారి నాట్యానికి సొంత వ్యాకరణం ఉందని గుర్తించినవారు బహు తక్కువ.

ప్రముఖ రచయిత తెయోఫీల్ గొతియే అమ్మణి గురించి పత్రికలో పుటల కొద్దీ రాశాడు. ఆమె రంగు, కళ్లు, నగలు, దుస్తులు, నడక అన్నీ వర్ణించాడు. జాన్ ఓగుస్త్ బార్ అనే శిల్పి ఆమె కంచు బొమ్మను పోతపోశాడు. ఆమె ఎలా కనిపించిందో ఈనాటికీ చూడగలం. ఆమె ఏ ఒడంబడికకు తలవూపిందో, పరాయి దేశపు చలిలో ఏమి తలచుకుందో, తన నాట్యాన్ని ఏ పేరుతో పిలిచిందో ఆమె నోట విన్న మాట ఒక్కటీ చరిత్రలో నిలవలేదు. ఐరోపా ప్రకటనలలో ఆ నాట్యాంశాలకు ‘పావురాల నాట్యం’, ‘రాజుకు వందనం’ వంటి పేర్లు పెట్టారు. రాజుకు సలాం చేసే సలాం దరువు దక్షిణాది నాట్యమేళాలకు బాగా తెలిసిన అంశమేనని గుర్తుంచుకుంటే, ఆ అనువాదాల వెనుక ఎంత సంప్రదాయం మరుగునపడిందో ఊహించవచ్చు.

ఆ బొమ్మ మాత్రం కొనసాగింది. 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మారియస్ పెతిపా ‘లా బయదేర్’ అనే బాలేను రూపొందించాడు. ప్రపంచంలోని పెద్ద బాలే సంస్థలు నేటికీ దానిని ప్రదర్శిస్తున్నాయి. అందులో భారతదేశం ఉంది, గుడి ఉంది, దేవదాసి ఉంది. భారతీయ నాట్యం మాత్రం లేదు.

ఈ కథకు సమకాలీన నృత్యం ఇచ్చిన జవాబు 2015లో వచ్చింది. చెన్నైలో పుట్టి లండన్‌లో స్థిరపడిన నృత్యదర్శకురాలు శోభనా జయసింగ్ ‘బయదేర్: తొమ్మిదవ జన్మ’ అనే రచనను రూపొందించారు. పెతిపా బాలేనూ, 1838 నాటి బృందంపై గొతియే రాసిన మాటలనూ ఆమె ఎదురెదురుగా నిలబెట్టారు. వర్ణన వినిపిస్తుండగా, వర్ణనకు గురవుతున్న దేహం ఏమవుతుందో ప్రేక్షకుడికి కనిపిస్తుంది. చూసేవాడి చూపునే ప్రదర్శనగా మార్చిన రచన ఇది. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది: తిల్లమ్మాళ్, అమ్మణి వంటి కుటుంబాలలో పుట్టిన స్త్రీలు స్వయంగా చెప్పుకుంటే ఆ కథ ఎలా ఉంటుంది?

గోదావరి తీరపు జవాబు

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం తెలుగు నేల. గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న ఈ పట్టణం చుట్టూ విస్తరించిన కోనసీమ, కాకినాడ ప్రాంతాలు ఒకప్పుడు కళావంతుల నాట్యానికి పుట్టిళ్లు. ఆలయంలో ఆరాధన, ఊరేగింపులో కొలువు, పెద్దల ఇళ్లలో మేజువాణి, రాత్రంతా సాగే భామాకలాపం, గొల్లకలాపం వీరి విద్యలో భాగాలు. క్షేత్రయ్య పదాలూ జావళీలూ వీరి కంఠాలలో నిలిచాయి. తమిళ దేశపు నాట్యమేళాలు సైతం తెలుగు పదాలనూ వర్ణాలనూ ఆడాయి. 18వ శతాబ్దంలో పుదుచ్చేరిలో ఆనందరంగ పిళ్లైకి కస్తూరి రంగకవి తెలుగులో ఛందోగ్రంథాన్ని అంకితమిచ్చాడంటే, ఆ రోజుల్లో తెలుగు ఇక్కడి కళాభాష కావడంలో ఆశ్చర్యం లేదు.

కళావంతులు ఆదివాసులు కారు. వారి చరిత్ర వేరు, సమస్యలు వేరు. అయితే తమ కథను ఇతరులు చెప్పడం అనే ఒక్క విషయంలో ఇద్దరి అనుభవమూ ఒకటే. తెలుగువారికి తెలిసిన కళావంతుల స్త్రీ ఎవరంటే ముందుగా గుర్తుకు వచ్చేది ‘కన్యాశుల్కం’లోని మధురవాణి. తెలివి, దయ, చమత్కారం కలబోసిన ఆ పాత్రను గురజాడ అప్పారావు సృష్టించారు. అంతకుముందే కందుకూరి వీరేశలింగం భోగంమేళాలకు వ్యతిరేకంగా ఉద్యమించారు. ఒకరు సానుభూతితో రాశారు, మరొకరు సంస్కరణ దృష్టితో ఖండించారు. ఆ స్త్రీలే రాసిన మాట సంగతి ఏమిటి?

ఆ మాట ఉంది, కాని అణచివేతకు గురైంది. తంజావూరు ఆస్థానానికి చెందిన ముద్దుపళని 18వ శతాబ్దంలో ‘రాధికా సాంత్వనము’ రచించింది. దేవదాసీ కుటుంబంలో పుట్టిన విదుషీమణి బెంగళూరు నాగరత్నమ్మ 1910లో దానిని పరిష్కరించి ప్రచురించారు. మరుసటి ఏడాదే బ్రిటిషు ప్రభుత్వం అశ్లీలమనే ఆరోపణతో దానిని నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం వరకు ఆగవలసి వచ్చింది. ఒక స్త్రీ రాసిన కావ్యాన్ని మరొక స్త్రీ వెలుగులోకి తేవడం, దానిని ప్రభుత్వం మూసివేయడం ఈ చరిత్ర మొత్తానికి సూక్ష్మరూపం.

1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ అంకిత నిషేధ చట్టం చేసింది. బాలికలను ఆలయాలకు అంకితం చేసే ఆచారాన్ని అరికట్టడం దాని లక్ష్యం. దోపిడీకి గురైన బాలికల దృష్టితో చూస్తే ఆ చట్టం అవసరాన్ని కాదనలేం. కాని దాని అమలుతో మేజువాణి వంటి ప్రదర్శనలు కూడా కనుమరుగయ్యాయి. అవే పదాలు, అవే అభినయాలు ఇతర కులాల పిల్లలకు గౌరవప్రదమైన విద్యగా మారిన కాలంలోనే, వాటిని కాపాడిన కుటుంబాల స్త్రీలు గజ్జెలు విప్పి పెట్టెలో దాచుకోవలసి వచ్చింది. అప్పటికి ఫ్రెంచి పాలనలో ఉన్న పుదుచ్చేరి, యానాంలకు మద్రాసు చట్టం వర్తించలేదు. సమాజపు చిన్నచూపుకు మాత్రం అలాంటి సరిహద్దు లేదు.

1990లలో నర్తకి స్వప్నసుందరి, కళావంతుల కుటుంబాల పెద్దల వద్ద నేర్చుకొని ఆ సంప్రదాయాన్ని ‘విలాసినీ నాట్యం’ పేరుతో వేదికకు తెచ్చారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని బల్లిపాడు మదనగోపాలస్వామి ఆలయ సంప్రదాయం ఆ విధంగా మళ్లీ చర్చలోకి వచ్చింది. పరిశోధకుడు దవేష్ సోనేజీ 2012లో ప్రచురించిన గ్రంథంలో గోదావరి జిల్లాల స్త్రీల జ్ఞాపకాలను నమోదు చేశారు. ఇక కళావంతుల వంశం నుంచే వచ్చిన యశోదా ఠాకూర్ నర్తకిగా, పరిశోధకురాలిగా ఆ వారసత్వాన్ని బహిరంగంగా చెప్పుకుంటూ ప్రదర్శిస్తున్నారు. తమిళనాట నాట్యాచార్యుల కుటుంబంలో పుట్టిన నృత్యా పిళ్లై, తమ సమాజపు కళను తమ సమాజపు పేరుతోనే ఆడతామని వాదిస్తున్నారు.

ఇక్కడ కొత్తదనం అడుగులో లేదు. వందేళ్ల నాటి పదాన్నే ఆడుతూ, దానిని ఎవరు పాడారో, ఎవరు పాడటం మానవలసి వచ్చిందో, ఎందుకు మానవలసి వచ్చిందో ప్రేక్షకులకు చెప్పడమే ఆ కొత్తదనం. ఆ మాట తోడైనప్పుడు పాత నాట్యం నేటి నాట్యమవుతుంది.

బడి, బావి, పోటు: మూడు దేశాంతర ఉదాహరణలు

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో మోహాక్ జాతికి చెందిన శాంటీ స్మిత్ 2005లో కహావి నృత్యసంస్థను స్థాపించారు. ‘కహావి’ అంటే మోహాక్ భాషలో మోసుకుపోవడం అని అర్థం. అది ఆమె అమ్మమ్మ పేరు కూడా. ఆమె రచనలలో బాగా చర్చకు వచ్చినది ‘ద మష్ హోల్’. బ్రాంట్‌ఫర్డ్‌లో 1970 వరకు నడిచిన మోహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే వసతి పాఠశాలకు అక్కడి పిల్లలు పెట్టుకున్న ముద్దుపేరు అది. ముద్దుపేరు అంటున్నాం గాని, అందులో ముద్దు ఏమీ లేదు: రోజూ పెట్టిన నీళ్ల జావ మీద పుట్టిన పేరు. మూలవాసీ పిల్లలను ఇళ్ల నుంచి తీసుకువచ్చి, వారి భాషను మాన్పించి, వారిని తెల్లవారిగా మార్చాలన్న విధానానికి ఆ బడి గుర్తు. అక్కడ చదివి బయటపడినవారి సాక్ష్యాల ఆధారంగా ఆమె ఈ రచన చేశారు. విచారణ సంఘం నివేదికలో పుటలుగా ఉన్నది వేదికపై ఒక పిల్ల గోడకు ఆనుకొని నిలబడటంగా మారుతుంది.

ఆస్ట్రేలియాలో 1989లో ప్రారంభమైన బంగారా నృత్యసంస్థకు 2023 నుంచి ఫ్రాన్సిస్ రింగ్స్ కళాదర్శకురాలు. ఆ బాధ్యత చేపట్టిన ఏడాదే ఆమె ‘యుల్డియా’ను రూపొందించారు. యుల్డియా దక్షిణ ఆస్ట్రేలియా ఎడారి అంచున ఉన్న ఒక నీటి చెలమ. వేల ఏళ్లుగా చుట్టుపక్కల జాతులన్నీ అక్కడ కలుసుకునేవి. 1917లో పూర్తయిన ఖండాంతర రైలుమార్గం ఆ నీటిని తోడుకుంది, చెలమ ఎండిపోయింది. 1950లలో సమీపంలోని మరలింగా భూములలో బ్రిటన్ అణుపరీక్షలు జరిపింది. ప్రజలు అక్కడి నుంచి తరలిపోవలసి వచ్చింది. ఫ్రాన్సిస్ రింగ్స్ పూర్వీకుల నేలకు సంబంధించిన కథ ఇది. పోలవరం ముంపు గ్రామాల పేర్లు విన్న తెలుగు శ్రోతలకు నీరు, నేల, విస్థాపన ఒకే కథలోని మూడు మాటలని వేరే చెప్పనక్కరలేదు.

అదే దేశపు పశ్చిమ తీరంలోని బ్రూమ్ పట్టణంలో మరుగెకు సంస్థను నడిపేవారిలో ఒకరైన డలీసా పిగ్రమ్ ‘గుదిర్ గుదిర్’ అనే ఏకపాత్ర నృత్యాన్ని చేశారు. పోటు రాబోతున్నదని హెచ్చరించే ఒక తీరపక్షి కూత ఆ రచనకు మూలం. తన సమాజంలోని యువత ఆత్మహత్యలను, చెదిరిపోతున్న బంధాలను ఆమె ఒంటరిగా వేదికపై మోస్తారు. ఆమె కదలికలో మలయా ద్వీపాల యుద్ధవిద్య సిలాట్ కూడా ఉంటుంది. ముత్యాల వేట కోసం ఆసియా దేశాల నుంచి వచ్చిన కూలీలు, స్థానిక జాతులు కలిసిన ఊరి చరిత్ర ఆమె దేహంలోనే ఉంది గనుక ఆ కలయిక అతికించినట్టు అనిపించదు.

ఈ మూడింటిలోనూ గమనించవలసినది ఒకటి ఉంది. ఏ ఒక్కటీ ‘మా సంస్కృతి ఎంత అందమైనదో చూడండి’ అని చెప్పి ఊరుకోదు. ఏమి జరిగిందో చెబుతుంది, ఎవరు చేశారో చెబుతుంది, ఇంకా ఏమి మిగిలి ఉందో చెబుతుంది.

రచన వెనుక పని

ఇలాంటి నృత్యం కేవలం సాధన మందిరంలో పుట్టదు. బంగారా వంటి సంస్థల పద్ధతిలో తొలి మెట్టు ఆ నేలకు వెళ్లడం. పెద్దలతో కూర్చోవడం, కథకు ఎవరు హక్కుదారులో తెలుసుకోవడం, ఏ భాగాన్ని చెప్పవచ్చో, ఏది చెప్పకూడదో అడగడం ఆ తర్వాత జరుగుతుంది. పాట ఒక కుటుంబానిది కావచ్చు, కదలిక ఒక ప్రాంతానిది కావచ్చు. అనుమతి ఒకసారి ఇచ్చి వదిలేసేది కాదు. రచన పూర్తయ్యాక దానిని ఆ పెద్దలకు చూపిస్తారు, అభ్యంతరం ఉంటే మారుస్తారు.

స్త్రీల విషయంలో ఇది మరింత సున్నితం. ప్రసవం, రజస్వల కావడం, విత్తనాలు దాచడం, మందుమొక్కలు ఏరడం వంటి జ్ఞానం అనేక సమాజాలలో తల్లి నుంచి కూతురికే అందుతుంది. దానిని అందరి ముందు పెట్టకుండానే దాని విలువను తెలియజేయడం నృత్యదర్శకురాలి నైపుణ్యం. నార్వే ఉత్తరాన సామీ జాతికి చెందిన ఎల్లే సోఫే సారా 2021లో ఏడుగురు స్త్రీలతో ఒక రచన చేశారు. సామీల సంప్రదాయ గానమైన యోయిక్‌ను ఒకప్పుడు క్రైస్తవ మతాధికారులు పాపంగా పరిగణించి అణచివేశారు. ఆమె రచనలో ఆ స్త్రీలు నడుస్తూ, ఆడుతూ దానినే గొంతెత్తి పాడతారు.

మన కొండల్లో థింసా

తెలుగు నేల మీద మూలవాసీ స్త్రీల నృత్యం అనగానే అరకులోయ థింసా గుర్తుకు వస్తుంది. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పోర్జ, భగత, ఖోండు, వాల్మీకి తదితర జాతులవారు దీనిని ఆడతారు. స్త్రీలు ఒకరి నడుము వెనుకగా మరొకరి చేతిని పట్టుకొని గొలుసుకట్టుగా నిలబడతారు. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మోగుతాయి. చైత్రంలో వచ్చే ఇటుకల పండుగకు, పెళ్లిళ్లకు ఊరూరా ఆడతారు.

పర్యాటకుడికి థింసా ఒకే నాట్యంగా కనిపిస్తుంది. ఆడేవారికి అది అనేకం. గ్రామదేవతను కొలిచేది బోడ థింసా. ఆకులు ఏరే పనిని చూపేది పోతర్ తోల థింసా. పులి నుంచి తప్పించుకునే తీరును చెప్పేది బాగ్ థింసా. అంటే ఈ నాట్యంలో అడవి గురించిన జ్ఞానం దాగి ఉంది: ఏ ఆకును ఎప్పుడు కోయాలి, మృగం ఎదురైతే గుంపు ఎలా కదలాలి, దేవత ముందు ఎవరు ముందు నిలవాలి. అతిథిగృహం ముంగిట పది నిమిషాల ప్రదర్శనకు కుదించినప్పుడు మిగిలేది అడుగు, పోయేది ఆ జ్ఞానం.

లంబాడీ స్త్రీల విషయమూ అంతే. తండాలలో శ్రావణ మాసపు తీజ్ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టలలో గోధుమ మొలకలు పెంచి వాటి చుట్టూ ఆడి పాడతారు. పాటలు గోర్ బోలీలో ఉంటాయి. ఆ భాషకు సొంత లిపి లేదు. కాబట్టి పాట, అడుగే వారి పుస్తకం. అదే నాట్యం రాజకీయ సభలో నాయకుడికి స్వాగతం పలికే వరుసగా మారినప్పుడు అద్దాల రవిక, గాజులు కనిపిస్తాయి గాని పాటలోని మాట ఎవరికీ వినిపించదు.

తెలుగు రాష్ట్రాలలో పాఠశాల వార్షికోత్సవాలు, కళాశాల పోటీలు, ప్రభుత్వ ఉత్సవాలలో థింసా, లంబాడీ నృత్యాలు తప్పనిసరి అంశాలు. ఆడేవారిలో చాలామంది ఆ జాతులవారు కారు. అభిమానంతో ఆడటంలో తప్పు లేదు. అయితే నేర్పినవారెవరు, వారికి గౌరవ వేతనం అందిందా, ఏ సందర్భపు నాట్యాన్ని ఏ సందర్భంలో ఆడుతున్నాం అన్న ప్రశ్నలు అరుదుగా వినబడతాయి. కొండల నుంచి వచ్చిన యువతి నృత్యదర్శకురాలిగా, రచయిత్రిగా పేరు వేయించుకొనే అవకాశం ఇంకా విస్తరించవలసి ఉంది. బంగారా వంటి సంస్థ పుట్టడానికి ముందు ఆస్ట్రేలియాలో మూలవాసీ యువత కోసం ప్రత్యేక నృత్య శిక్షణాలయం ఏర్పడిందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది. ప్రతిభ ఊరిలో ఉంటుంది, కాని అది రచనగా మారడానికి శిక్షణ, సమయం, జీతం కావాలి.

పేరు దక్కడమే మొదటి మెట్టు

పుదుచ్చేరిలో ఈ చర్చ మరింత మౌలికమైన చోట మొదలవుతుంది. 2011 జనగణనలో పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో షెడ్యూల్డ్ తెగల జనాభా సున్నా. ఇక్కడ ఆదివాసులు లేక కాదు, ఏ జాతినీ ఆ జాబితాలో చేర్చకపోవడం వల్ల. 2016 డిసెంబరులో రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా విల్లి, వేట్టైకారన్ శాఖలతో సహా ఇరుళర్లకు తొలిసారి ఆ గుర్తింపు లభించింది. దస్త్రంలో లేని జాతికి సాంస్కృతిక కార్యక్రమాలలో నిధులూ వేదికలూ కోరడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

గుర్తింపు వస్తే ఏమవుతుందో పొరుగు రాష్ట్రంలో చూశాం. కేరళలోని అట్టప్పాడికి చెందిన ఇరుళ జాతి గాయని నంజియమ్మ పశువులు కాచుకుంటూ నేర్చుకున్న పాటతో 68వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ గాయనిగా నిలిచారు. ఆమె తన భాషలోనే పాడారు. ఆ పాట ఎవరిదన్న ప్రశ్నకు ఆమె పేరే సమాధానమైంది.

చట్టం ఏమంటోంది?

నాట్యంపై హక్కు గురించి చట్టపరమైన స్థితిని సంక్షిప్తంగా చెప్పుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం నృత్యరచనను నాటకీయ రచనల కోవలో చేర్చింది. అయితే అది రాతలోనో, మరో రూపంలోనో నమోదై ఉండాలి, దానికి రచయిత ఉండాలి. తరతరాలుగా ఊరంతా కలిసి ఆడే థింసాకు అలాంటి రచయిత ఉండరు. కాబట్టి ఎవరైనా దానిని వాడుకుంటే ఊరికి కాపీరైట్ రక్షణ లభించదు. ప్రదర్శించిన వ్యక్తికి తన ప్రదర్శనపై ప్రత్యేక హక్కులున్నాయి. అవి వ్యక్తికి చెందినవి, సమాజానికి కావు.

ఆదివాసీ ప్రాంతాలకు మరో రెండు చట్టాలు తోడుగా ఉన్నాయి. 1996 నాటి పెసా చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతాలలో ప్రజల సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడే సామర్థ్యాన్ని గ్రామసభకు ఇచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, జీవవైవిధ్యానికీ సాంస్కృతిక వైవిధ్యానికీ సంబంధించిన సంప్రదాయ జ్ఞానంపై సామూహిక హక్కును పేర్కొన్నది. ఆకులు ఏరే థింసాలో నాట్యమూ అడవి జ్ఞానమూ విడదీయరానివి గనుక ఈ మాటకు ప్రాధాన్యం ఉంది.

అంతర్జాతీయంగా 2007లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మూలవాసీ ప్రజల హక్కుల ప్రకటన, తమ సాంస్కృతిక వారసత్వాన్ని నియంత్రించుకునే, కాపాడుకునే హక్కు వారిదేనని స్పష్టం చేసింది. భారతదేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది. 2024 మే నెలలో ప్రపంచ మేధో సంపత్తి సంస్థ జన్యు వనరులపైనా, వాటితో ముడిపడిన సంప్రదాయ జ్ఞానంపైనా ఒక ఒడంబడికను ఆమోదించింది. పాట, నాట్యం, కథ వంటి వ్యక్తీకరణలు దాని పరిధిలోకి రాలేదు.

ప్రేక్షకుల బాధ్యత

చట్టం నడిచే వేగం ఎలా ఉన్నా, నిర్వాహకులు, ఉపాధ్యాయులు, ప్రేక్షకులు ఇప్పుడే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. ప్రదర్శన ప్రకటనలో జాతి పేరుతో పాటు కళాకారుల పేర్లు ముద్రించడం. ‘గిరిజన నృత్యం’ అని వదిలేయకుండా ఏ ఊరి, ఏ సందర్భపు నాట్యమో చెప్పడం. నేర్పిన పెద్దలకు వేదికపై చోటు, చేతికి పారితోషికం ఇవ్వడం. పాటలోని మాటకు అర్థాన్ని పాడినవారి చేతనే చెప్పించడం. కొన్ని నాట్యాలను బయట ఆడబోమని వారు అంటే ఆ నిర్ణయాన్ని మన్నించడం. వీటిలో పెద్ద వ్యయంతో కూడినది ఏదీ లేదు.

రేడియో శ్రోతలకు ఇందులో మరొక పాత్ర ఉంది. నాట్యాన్ని చెవితో చూడలేం గాని, నాట్యం చేసే స్త్రీ గొంతును వినగలం. ఆమె తన కథను తన భాషలో, తన తీరులో చెబుతుంటే మధ్యలో అడ్డుపడకుండా వినడం కూడా ఆ వారసత్వాన్ని కాపాడటమే.

1838లో పారిస్ ప్రేక్షకులు అమ్మణిని ఎంతో శ్రద్ధగా చూశారు. ఆమెను ఒక్క ప్రశ్న అడిగి, జవాబు రాసి ఉంచిన దాఖలా మాత్రం లేదు. నేడు అరకు నుంచి, తండాల నుంచి, గోదావరి లంకల నుంచి, పుదుచ్చేరి శివార్ల ఇరుళర్ వాడల నుంచి వచ్చే యువతులను అడగడానికి మనకు ఏ అడ్డూ లేదు.